‘ది నానీ’లో ఫ్రాన్ ఆ ఇంటి మనిషి అయింది ఎప్పుడు? పెళ్ళయ్యాకా, అంతకు ముందేనా?

మల్లెపందిరి | శుక్రవారం, రాత్రి 10:12

రెండు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయీ నేనూ కూర్చుని ‘ది నానీ’ చూస్తున్నాం. ఆరు సీజన్లు, 146 ఎపిసోడ్లు. నిన్నటితో అయిపోయాయి. ఈ రాత్రి ఇల్లు బోసిపోయినట్టుంది.

చూడనివాళ్ళ కోసం కథ. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతం, అందులో ఫ్లషింగ్. అక్కడ పెళ్ళిబట్టల కొట్లో పనిచేసే ఫ్రాన్ ఫైన్‌ని, ప్రేమించినవాడే పనిలోంచి తీసేస్తాడు. బతుకుతెరువు కోసం ఇంటింటికీ తిరిగి సౌందర్య సాధనాలు అమ్ముకుంటూ మాన్‌హట్టన్‌లో ఒక పెద్ద బంగళా తలుపు కొడుతుంది. ఆ ఇల్లు మాక్స్‌వెల్ షెఫీల్డ్‌ది. బ్రాడ్వే నాటకాల నిర్మాత, ఇంగ్లండు మనిషి, భార్య పోయింది, ముగ్గురు పిల్లలు: మాగీ, బ్రైటన్, గ్రేస్. వాళ్ళు అప్పుడే ఆయా కోసం చూస్తున్నారు. ఈవిడ ఆ పనికే వచ్చిందనుకుంటారు, పనిలో పెట్టుకుంటారు. 1993 నవంబరులో సీబీఎస్ ఛానల్లో మొదలై 1999లో ముగిసింది.

మా ఇంట్లో తేలనిది ఇదీ. ఐదో సీజన్ చివర షెఫీల్డ్‌తో పెళ్ళయ్యాకే ఫ్రాన్ ఆ ఇంటి మనిషి అయిందని మా అమ్మాయి అంటుంది. మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోయిందని నేనంటాను. నోరు విప్పడానికే భయపడే మాగీని ముస్తాబు చేసి పార్టీకి దింపినందుకు ఆ రాత్రే ఉద్యోగం పోగొట్టుకుని, మళ్ళీ ఆ ఇంటికే వస్తుంది చూడండి, అక్కడ. పిల్ల కోసం జీతం పోగొట్టుకున్న మనిషిని పరాయిదని ఎలా అంటాం? మీరంతా ఏమంటారు?

సూదీదారం | శుక్రవారం, రాత్రి 10:40

నా ఓటు మీకే, మల్లెపందిరి గారూ. నేను మాత్రం ఆ బట్టల కోసం మూడుసార్లు చూశాను. ఆ బట్టలు కూర్చిన బ్రెండా కూపర్ గారికి ఈ సీరియల్‌కే 1995లో ఎమ్మీ, అదే అమెరికా టీవీ అవార్డు, వచ్చింది. మెడ దాకా కప్పే నల్ల టర్టిల్‌నెక్, నల్ల టైట్స్, నల్ల చెప్పులు. ఆ నలుపు మీద ఒక్క రంగుల వేస్ట్‌కోటు. కింద మొత్తం ఒకటే రంగు కావడంతో కాళ్ళు బారుగా కనబడతాయి. మా కొట్టుకి వచ్చే పిల్లలకి నేనిదే చెప్తుంటాను, పొట్టిగా ఉన్నామని దిగులు పడొద్దు, లెగ్గిన్సూ చెప్పులూ ఒకటే రంగు వేసుకోండి అని.

బంగళాలో మిగతావాళ్ళంతా బూడిదరంగు, గోధుమరంగు. ఆ మధ్యన ఈ పిల్ల తిరుగుతుంటే గుమ్మానికి తోరణం కట్టినట్టుంటుంది. చివరిదాకా ఆ ఇంటి రంగుల్లోకి ఆమె మారలేదు.

పాతరీలు | శుక్రవారం, రాత్రి 11:25

మంచి ప్రశ్న వేశారు. దీని పుట్టుక కొంచెం చెప్తాను, జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

ఫ్రాన్ వేషం వేసిన ఫ్రాన్ డ్రెషర్, ఫ్రాన్స్ వెళ్ళే విమానంలో అప్పటి సీబీఎస్ అధ్యక్షుడు జెఫ్ సగాన్స్కీ కనబడితే, ప్రయాణం పొడుగునా ఆయనతో మాట్లాడి ‘మీకొక కథ చెప్తా’మని ఒప్పించుకుంది. అప్పటికి చేతిలో కథ లేదు. తర్వాత లండన్‌లో స్నేహితురాలు ట్విగ్గీ ఇంట్లో దిగింది. ట్విగ్గీ కూతుర్ని ఊరు తిప్పుతుంటే, కొత్త బూట్లు కరుస్తున్నాయని పిల్ల మూలిగింది. మడమ దగ్గర తొక్కేసి నడువు అంది ఈవిడ. పెద్దింటి ఆయా ఎవరూ ఆ మాట అనరు. అక్కడే మెరిసింది కథ. అమెరికాలో ఉన్న భర్త పీటర్ మార్క్ జాకబ్సన్‌కి ఫోన్ చేసి, ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాలో ఆయా మరియాగా వచ్చే జూలీ ఆండ్రూస్ బదులు నేను తలుపు కొడితే ఎలా ఉంటుంది అని అడిగింది. ఇద్దరూ కలిసి రాశారు.

ఇక ఆ సినిమా వెనక ఉన్న అసలు మరియా సంగతి. ఆమె 1926లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నోన్‌బర్గ్ మఠం నుంచి, భార్య పోయిన ఫాన్ ట్రాప్ ఇంటికి వచ్చింది. ఏడుగురు పిల్లల్నీ పెంచడానికి కాదు, జబ్బుపడి లేచిన ఒక్క పిల్లకి చదువు చెప్పడానికి. 1927 నవంబరులో ఆ ఇంటాయనతోనే పెళ్ళి. ఆయన ఆమెకంటే పాతికేళ్ళు పెద్ద. పెళ్ళినాటికి తనకి ఆయనమీద ప్రేమ లేదనీ, పిల్లలమీద ప్రేమతో ఒక రకంగా పిల్లల్నే పెళ్ళాడాననీ, ఆయన మీద ప్రేమ తర్వాత పుట్టిందనీ తన ఆత్మకథలో ఆమే రాసుకుంది.

కాబట్టి మల్లెపందిరి గారి మాటే సరైనది. ఈ కథల్లో ఆయా ముందు పిల్లలకి మనిషి అవుతుంది, తర్వాతే ఆ ఇంటాయనకి.

మన దగ్గర కూడా ఈ కథ తిరిగింది. 1969లో తమిళంలో ‘శాంతి నిలయం’ వచ్చింది. పిల్లల్ని చూసుకోవడానికి ఆ ఇంటికి వచ్చే అమ్మాయి మన తెలుగు కాంచన గారు, ఇంటాయన జెమినీ గణేశన్. ఛాయాగ్రహణం ‘మాయాబజార్’ వెన్నెల చూపించిన మార్కస్ బార్ట్లీ గారు, దానికే జాతీయ అవార్డు వచ్చింది. 1972లో గుల్జార్ హిందీలో ‘పరిచయ్’ తీశారు, అందులో ఆయా బదులు మగ మాస్టారు, జితేంద్ర. మనిషి మారేసరికి కథ లోపలి బరువు కూడా మారింది. మాస్టారు ఆ ఇంట్లో ఎవరికీ తల్లి కానక్కర్లేదు.

ఓరుగల్లు | శనివారం, ఉదయం 7:05

అందరూ పెండ్లి, పిల్లలు అంటున్నరు. నాకు మాత్రం ఆమె గొంతు ముఖ్యం. ముక్కుతోని మాట్లాడుడు, ఆ క్వీన్స్ యాస, ఆ నవ్వు. మొదటిసారి వింటే చెవులు గింగుర్లెత్తుతయి. పది ఎపిసోడ్లు పొయినంక ఆ గొంతు లేకపోతే ఇల్లు సప్పగ అనిపిస్తది.

ఒక పెద్ద స్పాన్సర్, ఫ్రాన్‌ను యూదుల పిల్ల కాదు, ఇటాలియన్ పిల్లగా మార్చుండ్రి అన్నరట. డ్రెషర్ ఒప్పుకోలే. నాకు తెల్సిన ఇల్లు ఇది, నాకు తెల్సిన అమ్మమ్మ ఇది, దీన్నే రాస్త అన్నది. ఆమె సొంత అమ్మానాయిన కూడ అండ్ల స్టాన్లీ బాబాయి, రోజ్ పిన్ని లెక్క వచ్చిపోతరు.

నేను చిన్నగున్నప్పుడు మా యాస సినిమాల్ల ఎవరికి పెట్టిన్రు? పనామెకు పెట్టిన్రు, రౌడీకి పెట్టిన్రు. హీరోయిన్‌కు పెట్టలే. నేను హైదరాబాద్‌ల హాస్టల్‌కు పొయిన కొత్తల నోరు తెరవాల్నంటే భయపడేది. అద్దం ముంగట నిలబడి ‘వెళ్తున్నాను, వస్తున్నాను’ అని నేర్సుకున్న. అందుకే ఆ పిల్ల బంగ్లాల కూసొని, ఇంగ్లండు సారు ముంగట, తన యాసల తను మాట్లాడుతుంటే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. నవ్వుకుంటనే ఏడ్సిన.

ఇంకోటి. ఇంగ్లండు బట్లర్ నైల్స్ లెక్క చేసిన డానియల్ డేవిస్ అసలు అమెరికాల ఆర్కన్సా మనిషి. ఆ యాస నేర్సుకున్నది. ఇంట్ల ఒకరిది నేర్సుకున్న యాస, ఒకరిది పుట్టు యాస. నాకైతే రెండు ఇష్టమే.

డల్లాస్_అమ్మ | శనివారం, ఉదయం 9:48

ఓరుగల్లు గారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను.

నేను అవతలి వైపునుంచి రాస్తున్నాను, అంటే ఆయాని పెట్టుకున్న వైపునుంచి. మా బాబుకి నాలుగో నెల వచ్చేసరికి నాకు సెలవు అయిపోయింది. గుంటూరు వైపు ఆవిడ, యాభై దాటినావిడ, రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం ఆరింటిదాకా ఉండేవారు. పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. మా వాడికి పెరుగన్నం కలిపి, దాంట్లో వేలితో ఒక చుక్క నెయ్యి రాసి పెట్టేవారు. నేను అచ్చం అలాగే కలిపితే తినేవాడు కాదు.

వాడు మొట్టమొదట ‘అమ్మా’ అన్నది పిన్నిగారిని. నేను ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే, గుమ్మంలో నిలబడి విన్నాను. ఆవిడ చటుక్కున వాణ్ణి నా వైపు తిప్పి ‘అదుగో అమ్మ, అదుగో అమ్మ’ అన్నారు. ఆ తొందర నాకు ఇప్పటికీ మర్చిపోవడం రాదు. తన తప్పేదో దిద్దుకుంటున్నట్టు. ఆవిడ తప్పేం లేదు కదా.

సీరియల్లో సీసీ బాబ్‌కాక్‌ని, అదే షెఫీల్డ్ వ్యాపార భాగస్వామిని, పిల్లల పేర్లు కూడా సరిగ్గా పట్టని మనిషిగా చూపించి నవ్విస్తారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి ఆలస్యంగా వచ్చే ఆడమనిషిని నవ్వులపాలు చేసిన ప్రతిసారీ నాలో ఏదో గుచ్చుకుంది. చివరికి సీసీకి నైల్స్‌తో పెళ్ళి చేశారు, ఆరేళ్ళు ఒకళ్ళనొకళ్ళు మాటలతో పొడుచుకున్నాక. అదొక్కటి నాకు తృప్తి.

మల్లెపందిరి | శనివారం, ఉదయం 10:20

డల్లాస్_అమ్మ గారూ, పిన్నిగారు ఇప్పుడెక్కడున్నారు?

డల్లాస్_అమ్మ | శనివారం, ఉదయం 10:31

తిరిగి ఊరెళ్ళిపోయారండీ. మా వాడికి తొమ్మిదేళ్ళు. వాడి పుట్టినరోజుకి ఫోన్ చేస్తారు. వాడు తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు, ఆవిడ ఓపిగ్గా వింటారు.

నల్లకోటు | శనివారం, మధ్యాహ్నం 1:15

ఇక్కడ ఒక మాట అడ్డం చెప్పాలి. ‘ఇంటి మనిషి’ అన్న మాట వింటే వకీలుగా నాకు గుండె దడ. పనివాళ్ళ కేసుల్లో యజమానులు మొదట చెప్పేది అదే. మేం ఆమెని పనిమనిషిలా చూడలేదండీ, ఇంటి మనిషిలా చూశాం, అంటారు. జీతం ఎంత, వారానికి సెలవు ఎన్ని గంటలు అని అడిగితే జవాబుండదు.

ఈ సీరియల్ నడిచిన రోజుల్లో న్యూయార్క్‌లో ఆయాల కోసమని ప్రత్యేకంగా చట్టం లేదు. 2010లో వచ్చింది, అమెరికాలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. వారంలో ఒక పూర్తి రోజు విశ్రాంతి, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్ళకి వారానికి 44 గంటలు దాటితే ఎక్కువ కూలి, ఏడాది చేశాక మూడు రోజులు జీతంతో సెలవు. చాలా చిన్న కోరికలు. వాటి కోసం ఆయాలు, ఇంటిపని చేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది, మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఫ్రాన్ డ్రెషర్‌కి ఈ ఎరుక ఉంది. ఒక ఎపిసోడ్‌లో సమ్మె చేస్తున్న పనివాళ్ళ వరుస దాటి లోపలికి రానంటుంది, షెఫీల్డ్ ఎంత బతిమాలినా సరే. మా అమ్మ నేర్పింది అదే అంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2023లో, నటుల సంఘం 118 రోజులు సమ్మె చేస్తే అధ్యక్షురాలిగా ముందు నిలబడింది ఆవిడే.

నా జవాబు: ఫ్రాన్ మొదటిరోజు నుంచీ ఉద్యోగి, చివరిరోజు భార్య. మధ్యలో ‘ఇంటి మనిషి’ అనే పేరు అక్కర్లేదు.

పాతరీలు | శనివారం, మధ్యాహ్నం 2:02

నల్లకోటు గారూ, చట్టం మాట ఒప్పుకుంటాను. మనసు మాట ఒప్పుకోను. మూడో సీజన్ చివర, పారిస్ నుంచి వచ్చే విమానం కుదుపుల్లో, చచ్చిపోతామనుకుని షెఫీల్డ్ ప్రేమిస్తున్నానని చెప్పేస్తాడు. నాలుగో సీజన్ మొదట్లో ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. అప్పుడు ఫ్రాన్ ఉద్యోగం మానేసి పోవచ్చు. పోదు. ఎందుకు పోదు?

నల్లకోటు | శనివారం, మధ్యాహ్నం 2:20

జీతం, గది, తిండి అన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి. మాట వెనక్కి తీసుకున్నవాడే నెల తిరిగేసరికి జీతం ఇవ్వాల్సినవాడు. నాకు ఆ ఎపిసోడ్‌లో నవ్వు రాలేదు పాతరీలు గారూ. 1996లో అన్న మాటకి 1998 మేలో తాళి. ఆ రెండేళ్ళూ ఆమె ఆ ఇంట్లోనే తిరగాలి, అతని కళ్ళముందే.

పాతరీలు | శనివారం, మధ్యాహ్నం 2:34

మీరన్నది నేనింతవరకూ ఆ వైపునుంచి ఆలోచించలేదు. ఆ నాలుగో సీజన్ మళ్ళీ చూస్తాను.

క్వీన్స్_తెలుగు | శనివారం, సాయంత్రం 6:50

నేను ఫ్లషింగ్‌లోనే ఉంటాను. మన తెలుగువాళ్ళకి ఫ్లషింగ్ అంటే బౌన్ స్ట్రీట్ వినాయకుడి గుడి. 1977లో ప్రతిష్ఠ జరిగింది, గుడి కింద క్యాంటీన్‌లో దోసెల కోసం ఆదివారం బారులు తీరతారు. సీరియల్లో చూపించే ఫ్లషింగ్ యూదుల ఇళ్ళది, ఇప్పుడు ఎక్కువగా చైనా, కొరియా కొట్లు కనబడతాయి. కానీ ఫ్రాన్ వాళ్ళమ్మ సిల్వియా ఇంట్లో సోఫాకి ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూశారా? నేను పెరిగిన కాకినాడ ఇంట్లోనూ ఉండేది. ఎండాకాలం నిక్కర్లతో కూర్చుంటే తొడలకి అంటుకుపోయేది, లేస్తే చర్రుమనేది. చుట్టాలొచ్చినా తియ్యనిచ్చేది కాదు మా అమ్మ. ఆ ప్లాస్టిక్ చూశాకే ఈ సీరియల్ నాది అనిపించింది.

నాకు తోచింది చెప్తాను. ఫ్రాన్ బంగళాలో ఉంటుంది కానీ ఫ్లషింగ్‌ని వదలదు. వాళ్ళమ్మ వస్తుంది, ఫ్రిజ్ తెరుస్తుంది, తింటుంది. అమ్మమ్మ యెట్టా వస్తుంది. స్నేహితురాలు వాల్ వస్తుంది. ఆమె ఆ ఇంటి మనిషి అవడం కాదు, ఆ ఇల్లే మెల్లమెల్లగా ఫ్లషింగ్ ఇల్లయింది.

రాజంపేట_పిల్ల | శనివారం, రాత్రి 11:40

రెండు రోజులుగా చదవతా ఉన్యాను. రాయాల్నా వద్దా అని ఆలోచించి రాస్తా ఉన్యాను.

మాయమ్మ కువైట్‌లో ఆయా. నాకు ఆరేండ్లప్పుడు, 2001లో ఆ దేశం పోయింది. అప్పుడు ఆమెకి ముప్పై ఒకటి. మా తట్టు ప్రతి వీధిలో ఇద్దరో ముగ్గురో ఆడోళ్ళు పోయినోళ్ళే. ఖద్దామా వీసా అంటారు. అరబ్బు ఇంట్లో ఉండి పని చేయాల. ఇంటాయన్ని బాబా అనాల, ఇంటామెని మామా అనాల. మాయమ్మ పోయిన ఇంట్లో ముగ్గురు పిల్లోళ్ళు, కడగొట్టోడు ఆమె పోయినంక పుట్టినోడే. పద్నాలుగేండ్లు ఒకే ఇంట్లో చేసింది. మొదట్లో జీతం నలభై దినార్లు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండె.

నన్ను మా అవ్వ సాకింది. శుక్రవారం సాయంత్రం ఎస్టీడీ బూతు కాడికి పోయి కూచుంటాంటిమి. అమ్మ ఫోన్ చేస్తే రెండు నిమిషాలు నాకు, మిగతా అంతా అవ్వకి. రెండేండ్లకొకసారి అమ్మ వచ్చేది, లేకుంటే ఎవరైనా వచ్చేవాళ్ళతో పెట్టె పంపేది. టాంగ్ పొడి, నిడో డబ్బా, పులిబొమ్మ దుప్పటి, నా కాళ్ళ కొలత ఎప్పుడూ తప్పే చెప్పులు. ఆ దుప్పట్లో మూతి పెట్టుకొని వాసన చూస్తాంటి, అమ్మ వాసన వస్తాదని. కొత్త బట్ట వాసనే వచ్చేది.

ఒకసారి వచ్చినప్పుడు నాకు జడేస్తా ఉండి, నన్ను ఆ పిల్లోని పేరు పెట్టి పిలిచింది. నేను ఏమీ అనలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. జడ మాత్రం విప్పి మళ్ళా మొదట్నుంచి వేసింది.

ఆ ఇంటోళ్ళు చెడ్డోళ్ళు కాదు. కొట్టలేదు, తిట్టలేదు. నల్లకోటు సార్, కువైట్‌లో కూడా 2015లో చట్టం వచ్చింది, వారానికి ఒక దినం సెలవు, మరుసటేడు నెలకి 60 దినార్ల కనీస జీతం అని. అమ్మ తిరిగొచ్చింది 2015లోనే. చట్టం గురించి ఆమెకి నేనే చెప్పినా.

ఆ కడగొట్టోడు ఇప్పుడు కాలేజీ. నెలకొకసారి వీడియో ఫోన్ చేస్తాడు. ‘ఖాలా’ అంటాడు, చిన్నమ్మా అని. అమ్మ అరబ్బీలో గలగలా మాట్లాడతాది. అంత గట్టిగా నవ్వే అమ్మని నేను చిన్నప్పుడు చూడ్లేదు. ఆ గొంతు నాకంటే వానికే ఎక్కువ తెలుసు.

ఆమె ఆ ఇంటి మనిషేనా అని ఎవరన్నా అడిగితే, అవుననే చెప్తాను. అది చెప్పడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

ఓరుగల్లు | శనివారం, రాత్రి 11:58

చెల్లే, ఇంకేం రాయాల్నో తెలుస్తలేదు. నీ మాట చదివిన. రెండుసార్లు చదివిన.

డల్లాస్_అమ్మ | ఆదివారం, ఉదయం 6:12

పిన్నిగారికి ఊళ్ళో ఒక కూతురు ఉంది. ఆ అమ్మాయి గురించి నేను ఎప్పుడూ గట్టిగా అడగలేదు. ఈ రోజు ఫోన్ చేస్తాను.

మల్లెపందిరి | ఆదివారం, ఉదయం 8:30

రాజంపేట_పిల్ల, తల్లీ, ఒకటి అడగనా? మీ అమ్మగారికి ఈ సీరియల్ ఎప్పుడైనా చూపించావా? నొప్పి కలిగిస్తుందంటే వద్దు.

రాజంపేట_పిల్ల | ఆదివారం, రాత్రి 9:15

చూపించినాను అక్కా, ఈ రోజు మధ్యాహ్నం. మొదటి ఎపిసోడ్. ఆమెకి ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూచొని తెలుగులో చెప్తా పోయినాను. అమ్మ వేరుశనక్కాయలు వొలుస్తా చూసింది.

ప్రేమ గిమ్మ ఆమె పట్టించుకోలేదు. ఫ్రాన్ పోయి ముందుగదిలో సోఫా మీద కూచుంటే ‘కూచుంది, చూడు’ అనింది. ఫ్రాన్‌కి సొంతంగా గది ఉండాదని చెప్తే, ‘తలుపుకి లోపల గడియ ఉంటాదా?’ అని అడిగింది. నైల్స్ చాటుగా మాటలు వింటా ఉంటే నవ్వింది. వాళ్ళింట్లో డ్రైవరు కూడా అట్లే అంట.

మాగీని పార్టీకి తయారు చేసే కాడ వొలిచేది ఆపేసింది. అయిపోయేంతవరకూ ఆ కాయ చేతిలోనే ఉండాది.

ఆఖర్న ఫ్రాన్ గురించి ఒకే ఒకటి అడిగింది. ‘ఆ పాప వాళ్ళమ్మ ఇంటికి అక్కడ్నుంచి ఎంతసేపు?’ నాకు తెలీదు. క్వీన్స్_తెలుగు అన్నా, చెప్తావా?

క్వీన్స్_తెలుగు | ఆదివారం, రాత్రి 9:22

చెల్లెమ్మా, ఫ్లషింగ్‌లో 7వ నంబరు రైలు ఎక్కి, గ్రాండ్ సెంట్రల్‌లో మారి, పైకి ఇంకో రైలు. దాదాపు గంట. రాత్రంతా రైళ్ళుంటాయి.

రాజంపేట_పిల్ల | ఆదివారం, రాత్రి 9:41

చెప్పినాను అన్నా. ‘గంటేనా’ అనింది. కొంచేపు ఊరికే ఉండి, శనక్కాయల చాట పక్కన పెట్టి, రెండోది పెట్టమనింది.